కళ్లు తెరవని వాహనం

మా మామగారికి చూపు పోతున్న సంగతి రెండేళ్లపాటు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోదాన్ని నేను. నాకు తెలుసని ఆయనకు తెలుసో లేదో మాత్రం నాకు అంతుపట్టేది కాదు.

మాది మాచర్ల దగ్గర రాతి బొమ్మలు చెక్కే ఊరు. మా వీధిలో నాలుగు ఇళ్లు శిల్పులవి. పొద్దు పొడవకముందే ఉలి చప్పుడు మొదలయ్యేది. నేను నరసరావుపేట దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్ల వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు తల పగిలిపోయేది. తర్వాత తర్వాత అది ఆగితేనే భయం వేసి గుమ్మంలోకి వచ్చి చూసేదాన్ని. మా అత్తగారు నా పెళ్లికి ముందే పోయారు. రెండో ప్రపంచ యుద్ధం ముదిరాక మా ఆయన మిలిటరీ రోడ్లకు కంకర కొట్టించే మేస్త్రీగా మద్రాసు వైపు వెళ్లాడు. దేవుళ్లను చెక్కాల్సిన చేతులు కంకర కొడుతున్నాయన్న కోపంతో మామగారు ఆరు నెలలు కొడుక్కి ఉత్తరం రాయించలేదు. అలా ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. మామగారి ఎదుట కోడలు నిలబడి మాట్లాడే రోజులు కావవి. నేను తలుపు చాటు నుంచి అడిగేదాన్ని, ఆయన రాతి వైపు తిరిగి జవాబు చెప్పేవారు.

చూపు సంగతి నేను కనిపెట్టింది ఆయన బొటనవేలి వల్ల. సుత్తి దెబ్బ వేసే ముందు ప్రతిసారీ బొటనవేలితో రాతిని తడిమేవారు. మొదట్లో అది పనివాడి అలవాటనుకున్నాను. తర్వాత చూస్తే ఎవరైనా వాకిట్లోకి వస్తే వాళ్లు నోరు తెరిచేదాకా ఆయన పలకరించేవారు కాదు. మజ్జిగ గ్లాసు పక్కనే ఉన్నా చేయి ఆమడ దూరం పోయేది. ఒకరోజు నరసరావుపేట కోర్టులో వాయిదా ఉందని చెప్పి వెళ్లొచ్చారు. మాకు కోర్టులో ఏ తగాదా లేదు. ఆయన సంచి దులుపుతుంటే కంటి చుక్కల సీసా దొరికింది. అది అయిపోయాక రెండోది రాలేదు. డాక్టరు చేతులెత్తేశాడని నాకు అర్థమైంది.

ఆ రోజు నుంచి ఉలులను పెద్దది మొదలు చిన్నదాకా ఒకే వరసలో పెట్టడం మొదలుపెట్టాను. గ్లాసు ఎప్పుడూ కుడి మోకాలి దగ్గర. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వీధిలో తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చూపులేని శిల్పికి విగ్రహం పని ఎవరిస్తారు? ఆయన ముప్పయ్యేళ్లుగా ఆ వీధికి పెద్ద. పక్కింటి ఆచారి, ఆ స్థానం మీద కన్ను వేసినవాడు, రోజూ వచ్చి ఏదో ఒకటి వాసన చూసి పోయేవాడు. నాకు అతన్ని చూస్తే ఒళ్లు మండేది. మంచినీళ్లు అడిగితే కావాలనే ఆలస్యం చేసి తెచ్చేదాన్ని.

ఇంతలో గురజాల వైపు ఒక ఊరి నుంచి కిరస్తానపు ఉపదేశి వచ్చాడు. చర్చిలో ఫాదిరీ సాములోరు లేనప్పుడు జనానికి పాఠాలు చెప్పే మనిషి. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. సముద్రం అవతలి నుంచి వాళ్ల చర్చికి వచ్చిన దేవదూత బొమ్మ ఒకటి స్టేషను నుంచి తెస్తుంటే బండి గుంటలో పడి పిండి పిండి అయిందట. యుద్ధం కదా, ఓడలు లేవు, ఇంకొకటి రాదు. మనదేశపు రాతితోనే చేయించమని సాములోరు చెప్పారట.

"దేవుడి సైన్యానికి సేనాపతి ఆచారిగారూ. ఈ పటంలో ఎట్టా ఉన్నాడో అట్టానే ఉండాల. నాలుగడుగుల ఎత్తు. సాములోరు ఊళ్లు తిరుగుతన్నారు, బొమ్మ దిగే రోజుకి వస్తారు" అన్నాడు.

పేకముక్కంత అట్ట ఇచ్చి వెళ్లాడు. మామగారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, కాసేపు ఎండలోకి పట్టి, చివరికి తలుపు వైపు చాచారు.

"అమ్మాయ్, నా కళ్లద్దాలు ఎక్కడో పెట్టా. చదివి చెప్పు."

ఆయనకు కళ్లద్దాలు లేవు. అట్ట మీద చదవడానికి ఒక్క అక్షరమూ లేదు. నేను తీసుకుని చెప్పడం మొదలుపెట్టాను.

ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది, కానీ ఆ రోజు నాకు కనపడింది ఇదీ. ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. వీపున హంస రెక్కలు. కుడిచేతిలో కత్తి. ముఖం ప్రశాంతంగా, అప్పుడే తలంటి పోసుకుని వచ్చినట్టు ఉంది. కాళ్ల కింద ఒక జంతువు. ఎడమచేతిలో గొలుసు, ఆ గొలుసు జంతువు మెడకు ఉంది. జంతువుకు గబ్బిలం రెక్కలు, పాము తోక, సింహం పంజాలు. దాని ముఖం సరిగా తెలియలేదు. ఎంతమంది పట్టుకున్నారో ఏమో, బొటనవేళ్ల రాపిడికి అట్ట ఆ మూల తెల్లబడిపోయింది.

"వాహనం మామయ్యా. కళ్లెం కూడా పట్టుకున్నాడు" అన్నాను.

మన దేవుళ్లలో వాహనం లేనిదెవరికి? ఆయుధం పట్టుకోనిదెవరు? రాక్షసుణ్ని తొక్కేవాళ్ల ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా ఇంటి వెనక సగం చెక్కిన మహిషాసురమర్దిని ఉండేది. ఆ తల్లి గుడ్లురిమి చూస్తుంటే నేను చీకటి పడ్డాక అటు వెళ్లేదాన్ని కాదు. ఈ కుర్రవాడి ముఖంలో కోపమన్నది మచ్చుకైనా లేదు. కోపం లేకుండా ఎవరైనా ఎవరినైనా చంపుతారా? వాహనమే అనుకున్నాను. అనుమానం కూడా రాలేదు.

మామగారు, "కళ్లెం ఎక్కడుంది?" అన్నారు.

"మెడకుంది."

"మెడకా?"

"అవును మామయ్యా, మెడకే."

"సరే" అన్నారు.

తర్వాత ఆ జంతువు గురించి చాలాసేపు అడిగారు. కొత్త జంతువంటే ఆయనకు భయం లేదు. "మకరానికి ఏనుగు తొండం, మొసలి నోరు, పంది చెవులు. యాళికి సింహం ఒళ్లు, ఏనుగు దంతాలు. ఏ జంతువూ చుక్కలా తెగి ఆకాశం నుంచి ఊడిపడలా. పాత ముక్కలే తలా ఒకటి తెచ్చి అతికారు. దీన్నీ అట్టానే అతుకుదాం" అన్నారు.

నాకు ముగ్గు బాగా వచ్చు. వెనక గదిలో మట్టిగోడ మీద మేకుతో ఆ బొమ్మను నిలువెత్తున గీశాను. సుద్దతో గీస్తే ఆయనకు లాభం లేదని తెలిసే మేకు పట్టుకున్నాను. గీత లోతుగా ఉండాలి, వేలికి తగలాలి. మేకు ఎందుకని ఆయన అడగలేదు. తలుపు వేసుకుని ఆ గోడను పొద్దస్తమానం తడుముతూ కూర్చునేవారు.

పని పది నెలలు పట్టింది. నా పని నీళ్లు పోయడం, దుమ్ము ఊడవడం, తలుపు చాటు నుంచి చూడటం. కొన్నిచోట్ల ఆయన చేయి పాత అలవాటులో పోయేది. రెక్కలున్న మనిషి అంటే ఆ చేతికి తెలిసింది గరుత్మంతుడు ఒక్కడే, అందుకని ముక్కు కొంచెం వంపు తిరిగింది. "మామయ్యా, ఈయన ముక్కు మనలాంటి ముక్కే" అంటే నవ్వి సరిచేశారు. కత్తిని పైకెత్తితే రాయి నిలవదని భుజానికి ఆనించారు. ఇక జంతువు దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది. దేవుడి వాహనం కదా, ఊరకే వదులుతారా? మెడకు గొలుసుతోపాటు మువ్వల పట్టెడ వేశారు. వీపు మీద అంచున్న వస్త్రం కప్పారు. గబ్బిలం రెక్కల మడతల్లో లతలు తీశారు. ముఖం మాత్రం నేను చెప్పలేకపోయాను కనుక ఆయనే ఊహించి చెక్కారు. నోరు కాస్త తెరిచి, యజమాని మాట వింటున్న ఎద్దులాగా తల ఒక పక్కకు వాల్చి ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు ఆ దేవదూత కన్నా ఈ జంతువే నచ్చింది. రాతిదుమ్ము తుడిచేటప్పుడు దాని గడ్డం కింద కూడా తుడిచేదాన్ని.

ఉపదేశి నడుమ రెండుసార్లు వచ్చాడు. బొమ్మ వెల్లకిలా ఉంది, కింది సగం మీద తడి గోనె కప్పి ఉంది. రెక్కలు చూసి మురిసిపోయి వెళ్లాడు. గోనె ఎత్తి చూడాలని అతనికి తోచలేదు, చూపించాలని మాకు తోచలేదు.

పక్కింటి ఆచారి మాత్రం గోనె ఎత్తి చూశాడు. "ఏందన్నా ఇది? వినాయకుణ్ని చేయబోతే కోతి అయిందా?" అన్నాడు. మామగారు నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేదు. "మీ ఇంట్లో కోతులు చానా ఉన్నయ్ గదా చిన్న మామయ్యా, పోల్చి చూసుకోండి" అన్నాను తలుపు చాటునుంచే. ఆ మాటకు మామగారు తర్వాత నన్ను కోప్పడ్డారు.

మా పనిలో కళ్లు ఆఖరు. ఒళ్లంతా పూర్తయినా కనురెప్పల మధ్య రాయి అలాగే వదిలేస్తారు. బొమ్మ తన చోట నిలబడ్డాక, ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకుండా, శిల్పి స్వయంగా కళ్లు తెరుస్తాడు. మొదటి చూపు మనిషి మీద పడకూడదని అద్దం చూపిస్తారు, తర్వాత ఆవును దూడతో సహా తెచ్చి నిలబెడతారు. కళ్లు తెరిచేదాకా అది రాయే. ఒకవేళ బొమ్మలో దోషం ఉందని తేలితే అది ఇంకెవరికీ పనికిరాదు. బండెక్కించి తీసుకెళ్లి కృష్ణలో వదలాల్సిందే. మామగారి చేతి బొమ్మ ఏదీ అంతవరకు కృష్ణలోకి పోలేదు.

బండి కట్టించే రోజు ఆయన గుమ్మం వైపు తిరిగి అన్నారు: "అమ్మాయ్, అద్దం పట్టుకోడానికి ఇంటి ఆడమనిషి ఉండాల. నువ్వూ రా." అలాంటి ఆచారం లేదు. ఇంటి ఆడమనిషే అక్కర్లేదు, ఎవరు పట్టుకున్నా అద్దం అద్దమే. నేను చీర మార్చుకుని బండెక్కాను. రెండు జతల ఎడ్లు, కింద మోకాలెత్తు గడ్డి. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా ఆయన చేయి బొమ్మ మీద ఉండేది. ఈ ఒక్కదానికి తన చేత్తో కళ్లు తెరవాలి, ఆ తర్వాత ఉలి పక్కన పెట్టినా పరవాలేదు అని ఆయన అనుకుంటున్నట్టు నాకు తెలిసిపోతూ ఉంది. ఎవరూ కనిపెట్టకూడదు, అంతే.

చర్చి చిన్నది. ముందు వేపచెట్లు, పక్కన సాములోరి పెంకుటిల్లు, ఆ ఇంటి ముందు ఒక ఆవు, దూడ. "మామయ్యా, ఆవు ఇక్కడే ఉంది" అని చెవిలో చెప్పాను. "మంచి శకునం. వాళ్లని అడిగితే ఒప్పుకోరు. ఉన్నదాన్ని ఉండనీ" అన్నారు. పదిమంది కలిసి బొమ్మను దిమ్మ మీద నిలబెట్టారు. జనం చాలామందే వచ్చారు, ఎక్కువమంది కూలీనాలీ చేసుకునే వాళ్లు. సాములోరు గడ్డం నిమురుకుంటూ వచ్చారు. తెల్లదొర, కానీ ఇంగ్లీషువాడు కాడట. ఆయన తెలుగు నేర్చుకున్నది గ్రంథాల్లోంచి.

ఉపదేశి గోనె లాగాడు. రెక్కలు చూసి సాములోరి ముఖం విప్పారింది. తర్వాత చూపు కిందికి దిగింది.

"అయ్యా, దీనిని ఏల అలంకరించితిరి?"

"వాహనం గదా సామీ" అన్నారు మామగారు.

"వాహనమా? వీడు సైతాను! దేవుని శత్రువు! దూత వీనిని గొలుసుతో బంధించి తొక్కుచున్నాడు!"

గొలుసు. కళ్లెం కాదు, సంకెల. ఎవరో పిల్ల అప్పటికే ముందుకు వచ్చి జంతువు మువ్వలు పట్టుకుని చూస్తోంది. ఉపదేశి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పది నెలల పని, ఆయన ఆఖరి బొమ్మ, నా ఒక్క మాటతో కృష్ణ పాలు. తప్పు నాదని అరవాలని నోరు తెరిచాను. అరిస్తే మరి పటం కోడలెందుకు చూసిందని అడుగుతారు. అప్పుడు ఆ సంగతి కూడా బయటపడుతుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

మామగారు తొణకలేదు. "నాకట్టా కనపడింది సామీ" అన్నారు.

కనపడిందట! నాకు ఏడుపొచ్చింది.

సాములోరు మంచివారు, లేకపోతే అక్కడికక్కడే బొమ్మను తిరిగి బండి ఎక్కించేవారు. మామగారిని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. నేను పక్కన స్తంభం చాటున నిలబడ్డాను. మామగారు అడిగారు: "సామీ, మీ దేశంలో ఈ జంతువు ఎక్కడుంటది?"

ఎక్కడా ఉండదని, కథల్లోనే ఉంటుందని ఆయన చెప్పారు. కానీ పెద్ద పెద్ద చర్చీల కప్పుల అంచున దీన్ని చెక్కుతారట, వానొస్తే దాని నోట్లోంచి నీళ్లు పడతాయట.

"అట్నా! మా గుళ్లలో మకరం నోట్లోంచి అభిషేకం నీళ్లు పోతయ్" అన్నారు మామగారు, అరుగు మీద ముందుకు జరిగి. అంతటితో ఇద్దరూ కాసేపు తగాదా మరిచిపోయారు. వాళ్ల దేశాల కథల్లో నడుము దాకా మనిషి, కింద గుర్రం అయిన జాతి ఉందని సాములోరు అంటే, మాకు గుర్రం ముఖం పైన, మనిషి ఒళ్లు కింద అని మామగారు అన్నారు. చేప తోక ఉన్న ఆడమనిషి అని ఆయన అంటే, మాకు పాము తోక అని ఈయన. చీనాలో పనిచేసే స్నేహితుడొకడు సాములోరికి జాబు రాశాడట. అక్కడి జనం ఈ రెక్కల జంతువు లాంటి దాన్నే మేఘాల్లో ఉండి వానలు కురిపించే దేవత అని కొలుస్తారట.

"చూశారా మరి. ఒక ఊళ్లో వానదేవుడు, ఇంకో ఊళ్లో సైతాను. రాతికేం తెలుసు సామీ, అది ఏ ఊళ్లో దిగిందో?" అన్నారు మామగారు.

సాములోరు నవ్వారు, కానీ తల అడ్డంగా ఊపారు. "ఆచారిగారూ, మీ పని చక్కనిది. నా భయము వేరు. వీరు నిన్నమొన్న గ్రామదేవతలను విడిచి వచ్చినవారు. ఇంత చక్కని జంతువును చూచి రేపు దీనికి బొట్టు పెట్టుదురు. ఆ మువ్వలు, ఆ వస్త్రము చెక్కి తీసివేయుడు."

"చెక్కింది తీసేస్తే దెబ్బ తిన్న బొమ్మవుద్ది. దెబ్బ తిన్న బొమ్మను నిలబెట్టం. కృష్ణలో వదలాల" అన్నారు మామగారు. ఆ మాట అంటూ అరుగు అంచును బొటనవేలితో తడిమారు. ఆవు తోక విసురుతున్న చప్పుడు వినపడుతోంది.

తర్వాత ఆయనే అన్నారు. "సామీ, ఇంకా కళ్లు తెరవలేదు గదా."

మా ఆచారం వివరించి చెప్పారు. కన్ను తెరిచేదాకా ప్రాణం లేదు. దూతకు కళ్లు తెరుస్తాను, దీనికి తెరవను. ఇది రెప్ప మూసుకునే ఉంటుంది. మువ్వలున్నా, వస్త్రమున్నా చచ్చినదాని కింద లెక్క. "మీరు దాన్ని చంపమన్నారు. నేను పుట్టనివ్వను. అంతకన్నా ఏం కావాల?"

సాములోరు లేచి వెళ్లి బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగారు. జంతువు మూసిన రెప్పలను వంగి చూశారు. తిరిగి వచ్చి, "కానీయండి" అన్నారు.

జనాన్ని పక్కకు జరిపారు. నేను అద్దం పట్టుకుని బొమ్మకు ఒక వారగా నిలబడ్డాను. మామగారు చిన్న ఉలి తీసుకుని, ఎడమ బొటనవేలితో రెప్ప అంచును వెతికారు. ఆయన కళ్లు ఎక్కడో చెట్ల వైపు చూస్తున్నాయి. అద్దం అడ్డం పెట్టుకుని నేను గొణుగుతున్నాను: "వడ్లగింజంత పైకి. చాలు. ఇప్పుడు కుడివైపు." సుత్తి దెబ్బలు చీమ నడిచినట్టు పడుతున్నాయి. జనం అది మంత్రమనుకున్నారు. సాములోరికి మంత్రమంటే కిట్టదు కదా, ఒకసారి దగ్గినట్టు గుర్తు. మొదటి కన్ను తెరుచుకుంది. రెండోది సగంలో ఉండగా ఆయన వేలికి రెప్ప అంచు తప్పిపోయింది. "ఎడమకి, నూలుపోగంత" అన్నాను. ఆయన వేలు మళ్లీ రెప్ప అంచు పట్టుకుంది. రెండో కన్ను కూడా పూర్తయింది. అద్దం ఎత్తి చూపించి పక్కకు తప్పుకున్నాను. దూత చూపు నేరుగా వెళ్లి ఆవు మీద పడింది.

జంతువు దగ్గర మామగారు వంగి రెండు రెప్పల మీదా ఒకసారి వేలు ఆనించి లేచారు. గుంపులోంచి ఒక ముసలామె, "సాములోరా, మరి దీనికి బొట్టు పెట్టొచ్చునా?" అంది. సాములోరు నుదురు కొట్టుకున్నారు. జనం నవ్వారు. బొమ్మ మాత్రం అక్కడే నిలిచింది.

తిరుగు ప్రయాణంలో బండిలో మేమిద్దరమే వెనక కూర్చున్నాం. ఇక దాచడం నా వల్ల కాలేదు. మామగారి ఎదుట ముఖాముఖీ కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి. "తప్పు నాది మామయ్యా. వాహనమని నేనే చెప్పా. కళ్లెమని నేనే చెప్పా" అన్నాను.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. కళ్లెమైతే నోట్లో ఉంటది. మెడకు ఉండేది కట్టుగొలుసు."

నాకు కోపం ముంచుకొచ్చింది. "మరి తెలిసీ ఎందుకు చెక్కారు? ఒక్క మాట అడిగితే ఏం పోయింది?"

ఆయన మెల్లగా చెప్పారు. "అడిగితే నువ్వు తడబడేదానివి. ఆ తర్వాత నువ్వు ఏది చెప్పినా నాకు అనుమానమే. నువ్వు చెప్పింది నమ్మకపోతే నా చెయ్యి ఆడదమ్మా. ఒక జంతువు తప్పయినా పరవాలేదు, నీ చూపు నాకు కావాల."

నాకు తెలుసని ఆయనకు ఎప్పుడో తెలుసన్నమాట. ఉలుల వరస, గోడ మీద మేకు గీతలు, మజ్జిగ గ్లాసు, అన్నీ తెలుసు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆయన విననట్టు ఎద్దులను అదిలించమని బండివాడికి చెప్పారు.

పొద్దు వాలే వేళకు మా వీధిలోకి వచ్చాం. కబురు మాకన్నా ముందే చేరింది. నాలుగిళ్లవాళ్లూ మా అరుగు ముందు ఉన్నారు. పక్కింటి ఆచారి అందరికన్నా ముందు నిలబడి, "గట్టెక్కించావంట గదన్నా! కళ్లు నిమ్మళంగా, కొలతకి ఉన్నయ్యంట. ఎంతయినా నీ కన్ను నీ కన్నే" అన్నాడు. ఆ మాటలో ఈసారి వెటకారం లేదు. నా గుండె నిండిపోయింది. దాచింది దాచినట్టే ఉంది, ఆయన పెద్దరికం నిలిచింది, ఇంకేం కావాలి?

మామగారు బండిలోనే కూర్చుని అన్నారు: "నాకు కళ్లు కనపడక రెండేళ్లయింది. ఆ బొమ్మను చూసింది మా కోడలు. నేను చెక్కానంతే."

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. రెండేళ్లు కంటికి రెప్పలా కాపాడిన గుట్టు, కుండ పగలేసినట్టు నడివీధిలో పగలేశారు. ఎవరడిగారు? పక్కింటి ఆచారి ఒకడుగు వెనక్కి వేశాడు. ఎవరో ముసలావిడ అయ్యో అంది.

మామగారు బండి దిగి, అందరి ముందూ నా భుజం మీద చేయి వేశారు. గుమ్మం దాకా నడిచి ఆగారు.

"అమ్మాయ్, మెట్టెక్కడ?" అన్నారు, వీధంతా వినపడేలా.

అప్పటిదాకా ఆయన ఎవరినీ అడగని మాట అది. నా కోపం ఎటు పోయిందో పోయింది.

"మూడు మెట్లు మామయ్యా. మొదటిది ఇక్కడే ఉంది" అన్నాను, నేనూ అంతే గట్టిగా.